ఊరికే నిలబడ్డం నేరమెప్పుడైంది?

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగు జరిగింది. నీళ్ల ట్యాంకర్ల బిల్లు, లిఫ్టు రిపేరు, కుక్కల పంచాయితీ అయ్యాక నాలుగో అంశం కెమెరాలు. ఉన్నవి తీసేసి "బుర్ర ఉన్న" కెమెరాలు పెట్టిస్తారట. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు లాప్‌టాపులో ఒక వీడియో చూపించాడు. గేటు దగ్గర ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఆ మనిషి చుట్టూ ఆకుపచ్చ డబ్బా. కాసేపటికి డబ్బా ఎర్రగా మారింది. పైన "అనుమానాస్పద ప్రవర్తన" అని అక్షరాలు పడ్డాయి. హాల్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు. నేను తప్ప.

"మీరు సాఫ్టువేరే కదండీ, మీరే వద్దంటే ఎలా?" అన్నారు సెక్రటరీ గారు. సాఫ్టువేరు కాబట్టే వద్దంటున్నాను మహాప్రభో అని చెప్పబోతే టైమైపోయిందన్నారు. అంచేత ఇక్కడ చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఎర్ర డబ్బా లాంటిది ఒకప్పుడు నేనూ రాశాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన కంపెనీలో (పేరు అనవసరం) నా పని అదే. లాయిటరింగ్ డిటెక్షన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పనీపాటా లేకుండా ఒకచోట తచ్చాడేవాణ్ణి పట్టుకోవడం. అదెలా పనిచేస్తుందో చెబితే సగం విషయం మీకే అర్థమైపోతుంది.

కెమెరా నుంచి సెకనుకి కొన్ని బొమ్మలొస్తాయి. ఒక ప్రోగ్రాము ప్రతి బొమ్మలోనూ మనుషులెక్కడున్నారో వెతికి చుట్టూ డబ్బా గీస్తుంది. ఇంకో ప్రోగ్రాము ఈ బొమ్మలో డబ్బా, ఇందాకటి బొమ్మలో డబ్బా ఒకే మనిషివా కాదా అని పోల్చి, ఒక్కొక్కరికీ ఒక నంబరిస్తుంది. గేటు ముందున్న జాగా చుట్టూ మనం స్క్రీను మీద ఒక గీత గీస్తాం. ఏ నంబరైనా ఆ గీత లోపల ఇన్ని సెకన్ల కంటే ఎక్కువుంటే అలారం కొడుతుంది. అంతే! ఇందులో అనుమానం ఎక్కడుందో చూపించండి. ఉన్నదల్లా ఒక గడియారం.

పోనీ ఆ "ఇన్ని సెకన్లు" అంటే ఎన్ని? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మేం మొదట 60 పెట్టాం. గార్డు ఫోను ఆగకుండా మోగింది. 120 చేశాం. ఇంకా మోగుతోందన్నారు. 180 చేశాక క్లయింటు "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నాడు. అలా 180 ఖాయమైపోయింది. దొంగల మీద ఎవరూ పరిశోధన చెయ్యలేదు, పోలీసుల్ని అడగలేదు. గార్డుకి విసుగు రాని అంకె అది, అంతకంటే ఏం లేదు. 179 సెకన్లు నిలబడ్డవాడు పెద్దమనిషి, 181 సెకన్లు నిలబడ్డవాడు అనుమానితుడు. ఇంకో తమాషా కూడా ఉంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు దాటుకుంటూ పోయినప్పుడు ఆ నంబర్లు అప్పుడప్పుడూ తారుమారవుతాయి. ఒకడు నిలబడ్డ రెండున్నర నిమిషాలు ఇప్పుడే వచ్చినవాడి ఖాతాలో పడతాయి. ఇది మా ఒక్కళ్ల గొడవే కాదు, వీడియోలో మనుషుల్ని ట్రాక్ చేసే ప్రతివాళ్లకీ తెలిసిన తలనొప్పే.

ఇంతకీ ఆ అలారాలు ఎవరి మీద మోగేవనుకున్నారు? చెత్తబండి కోసం నిలబడ్డ పనమ్మాయి, ఓనరు కిందికి దిగేదాకా కారు పక్కన కాచుకున్న డ్రైవరు, ఫ్లాటు నంబరు దొరక్క ఫోన్ చేసుకుంటున్న డెలివరీ కుర్రాడు, స్కూలు బస్సు కోసం వచ్చిన ఆయా. నేనక్కడున్నన్నాళ్లూ ఒక్క దొంగ కూడా దొరకలేదు. దొంగకి నిలబడే పనేముంది, వాడు వచ్చిన పని చూసుకుని పోతాడు. మన దేశంలో రోడ్డు మీద నిలబడేది ఎవరో తెలియనిది కాదు. పొద్దున్నే హైదరాబాదులో ఏ కూలీల అడ్డాకైనా వెళ్లి చూడండి. తాపీలు, తట్టలు, టిఫిను డబ్బాలు పట్టుకుని మేస్త్రీ ఎప్పుడొస్తాడా అని గంటలకొద్దీ నిలబడి ఉంటారు. మా ప్రోగ్రాముకి వాళ్లంతా ఎర్ర డబ్బాలే. ఏసీ కార్లో ఆగకుండా దూసుకుపోయేవాడు మాత్రం ఎప్పుడూ ఆకుపచ్చే.

ఇదంతా తెలిసి కూడా ఆ రోజుల్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. నిజం చెప్పాలిగా. మా నాన్న విషయంలో జరిగాక గానీ నాకు బుద్ధి రాలేదు.

నాన్న రిటైరైన టీచరు. 74 ఏళ్లు. పోయినేడాది మా చెల్లెలు వాళ్లింటికి వెళ్లారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీ, విల్లాలు, వీధి వీధికీ కెమెరా. ఆయనకి మోకాళ్ల నొప్పులు. నడక మానొద్దన్నాడు డాక్టరు, నడిస్తే నొప్పి. అంచేత యాభై అడుగులు వేస్తారు, ఎవరింటి గోడో పట్టుకుని నిలబడతారు, వాళ్ల మల్లె పందిరి చూస్తారు, మళ్లీ యాభై అడుగులు. రెండో రోజు సాయంత్రం గార్డు మోటారుసైకిలు మీద వచ్చి పక్కన ఆపాడు. "ఏయ్, ఎవరు నువ్వు? ఎవరింటికి? గోడల పక్కన ఏం చూస్తున్నావ్?" అని అరిచాడు. నలుగురూ చూస్తుండగా. చెల్లెలు పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నాన్న చేతిలో కర్ర వణుకుతోందట. గార్డు ఫోన్లో మా నాన్న ఫోటో, చుట్టూ ఎర్ర డబ్బా, కింద "సస్పీషియస్ పర్సన్" అని రాసుంది. ఆ గార్డు చెడ్డవాడేం కాదు. "ఫోన్లో అలా వచ్చింది మేడం, వెళ్లకపోతే నా డ్యూటీ పోద్ది" అన్నాడట. ఆ సాఫ్టువేరు నేను రాసింది కాదు. నేను రాసినా అదే జరిగేది.

అక్కడున్న మిగతా పదిరోజులూ నాన్న గుమ్మం దిగలేదు. ఏం నాన్నా నడక మానేశారా అని ఫోన్లో అడిగితే "ఎందుకులేరా" అన్నారు.

"అది పాతకాలపు పద్ధతి బాబూ, ఇప్పుడంతా డీప్ లెర్నింగు, మెషీనే సొంతంగా నేర్చుకుంటుంది" అంటారేమో. మీటింగుకొచ్చిన కుర్రాడూ అదే అన్నాడు. సరే, ఏం నేర్చుకుంటుందో చూద్దాం.

ఇందులో ఒక ప్రసిద్ధమైన పద్ధతి ఏమిటంటే, మామూలుగా ఉండే వీడియోలు గంటలకొద్దీ చూపిస్తారు. మామూలంటే ఎలా ఉంటుందో ప్రోగ్రాముకి అలవాటవుతుంది. తర్వాత దాని అంచనాకి అందనిది ఏది కనబడినా "అసాధారణం" అని జెండా ఊపుతుంది. అంటే అరుదైనదల్లా తప్పన్నమాట! ఈ రంగంలో ఎంతోమంది పరిశోధకులు పరీక్షకి వాడిన వీడియోల మూట ఒకటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో వాళ్లు తమ క్యాంపస్‌లో నడకదారుల మీద తీసినది. అందులో అసాధారణం కింద లెక్కేసినవేమిటో తెలుసా? సైకిలు తొక్కేవాళ్లు, స్కేటింగు చేసేవాళ్లు, చిన్న బండ్లు, గడ్డి మీద నడిచినవాళ్లు, చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లు. మీరు సరిగ్గానే చదివారు, చక్రాల కుర్చీ. ఆ పరిశోధకులకి దురుద్దేశం ఉందనడం లేదు. అరుదుగా కనబడేది అనే వాళ్ల అర్థం. కానీ ఆ కాగితం ల్యాబు దాటి అమ్మకందారు చేతికొచ్చేసరికి "అరుదు" అన్న మాట "అనుమానం" అయిపోతుంది. ఈ అనువాదం చేసేది మెషీను కాదండీ, మనమే.

నేరాల మీదే తయారుచేసిన ఇంకో మూట ఉంది. సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు 2018లో విడుదల చేశారు. 1,900 వీడియోలు, 13 రకాల ఘటనలు, ఎక్కువగా యూట్యూబు లాంటి చోట్ల వెతికి పట్టుకున్నవి. మొత్తం 128 గంటలు. మా వీధి చివర కిరాణా కొట్టు కెమెరా ఒక్కటే వారానికి 168 గంటలు రికార్డు చేస్తుంది. ఎక్కడెక్కడి వీడియోలో 128 గంటలు చూసి నేర్చుకున్నది మన కోఠీలో బేరాలాడే జనాన్ని చూసి కొట్లాటా కాదా అని తేలుస్తుందంటే నమ్మాలా? మనవాళ్లు చేతులూపకుండా కూరగాయలైనా కొంటారా?

చేతులంటే గుర్తొచ్చింది. లండన్‌లో విల్స్‌డెన్ గ్రీన్ అని ఒక మెట్రో స్టేషను. 2022 అక్టోబరు నుంచి 2023 సెప్టెంబరు దాకా అక్కడి రవాణా సంస్థ ఇదే ప్రయోగం చేసింది. జనం ప్రవర్తన చూసి అలారం కొట్టాలి. ఏడాదిలో 44 వేలకు పైగా అలారాలు వచ్చాయి, వాటిలో 19 వేలు అప్పటికప్పుడే సిబ్బందికి చేరాయి. దూకుడుగా ఉన్నవాళ్లని కనిపెట్టడం నేర్పించడానికి సరిపడా వీడియోలు దొరకలేదట. అందుకని ఏం చేశారయ్యా అంటే, చేతులు పైకెత్తితే అలారం అన్నారు. అమ్మానాన్నల వెనకాలే గేటు దాటిన పిల్లల్ని టిక్కెట్టు ఎగ్గొట్టినవాళ్ల కింద లెక్కేసింది. మడతపెట్టే సైకిలుకీ మామూలు సైకిలుకీ తేడా తెలియలేదు. డబ్బుకీ, చదువుకీ లోటు లేని ఊళ్లో ఇదీ సంగతి.

మన దగ్గర ఇంకా ముందుకెళ్లారు. 2021 జనవరిలో లక్నో పోలీసులు, ఆడవాళ్ల మీద వేధింపులు ఎక్కువగా జరిగే 200 చోట్లు గుర్తించి, అక్కడ ఆడవాళ్ల ముఖంలో ఆందోళన కనబడగానే దగ్గర్లోని పోలీసులకి కబురందించే కెమెరాలు పెడతామని ప్రకటించారు. ముఖం చూసి మనసు చదవడమన్నమాట. ఇది సాధ్యమేనా అని తేల్చడానికి అమెరికాలో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు సైంటిస్టులు వెయ్యికి పైగా పరిశోధనలు తిరగేసి 2019లో ఒక సమీక్ష అచ్చేశారు. కోపం వచ్చినప్పుడు మనుషులు నొసలు ముడేసి చూసేది సగటున నూటికి 30 సార్లు కూడా లేదట. మిగతా సార్లు ఏడుస్తారు, నవ్వుతారు, మొహంలో ఏమీ కనబడనివ్వరు. నొసలు ముడేసినవాళ్లలో కోపం లేనివాళ్లూ బోలెడు. ఎండలో నిలబడి సిటీ బస్సు నంబరు చూసేవాళ్లందరి మొహాలూ ఎలా ఉంటాయో మనకి తెలీదా? పైగా వేధించేవాడు మగాడైతే ఇరవైనాలుగు గంటల నిఘా ఆడదాని మొహం మీదా!

"తప్పులు ఉంటాయి, మెల్లిగా 99 శాతం కరెక్టవుతుంది" అనే వాదన ఉంది చూశారూ, అది అన్నిటికంటే ప్రమాదం. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక రైల్వే స్టేషనుకి రోజుకి లక్షమంది వస్తారనుకుందాం. అందులో 10 మంది జేబుదొంగలు. మన యంత్రం నిజంగానే 99 శాతం కరెక్టు, అంటే దొంగల్లో నూటికి 99 మందిని పట్టుకుంటుంది, మంచివాళ్లలో నూటికి ఒక్కరి మీదే పొరపాటు పడుతుంది. 10 మంది దొంగలూ దొరికారు, సంతోషం. మిగతా 99,990 మందిలో ఒక శాతం అంటే దాదాపు 1,000 మంది. ఎర్ర డబ్బాలు మొత్తం 1,010, అందులో దొంగలు 10. "99 శాతం కరెక్టు" అని అమ్మిన యంత్రం ఎవరి వైపైనా వేలు చూపిస్తే నూటికి 99 సార్లు అది తప్పే. ఈ లెక్క ఇంటర్ చదివినవాడికి తెలుసు, బ్రోచర్లో మాత్రం ఉండదు.

మనుషులే ఈ పని చేస్తే ఏమైందో కూడా చూశాం. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల నడవడి చూసి దుర్మార్గుల్ని పసిగట్టడానికి ట్రైనింగిచ్చిన అధికారుల్ని పెట్టారు. 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. మన కాగ్ లాంటి వాళ్ల సంస్థ 2013లో తేల్చిందేమిటంటే, ప్రవర్తన చూసి అబద్ధాన్ని కనిపెట్టే శక్తి మనిషికి బొమ్మా బొరుసా వేసినంతే, మహా అయితే పిసరంత ఎక్కువ. ట్రైనింగు తీసుకున్న మనిషే కళ్లెదుట చూసి చెప్పలేనిది, స్తంభం మీది కెమెరా చెబుతుందా?

ఇహ మన వాళ్ల బ్రహ్మాస్త్రం: "తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?"

2023లో మెదక్‌కి చెందిన ఒక రోజుకూలీని, గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాలో కనబడిన మనిషిలా ఉన్నాడన్న అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లారు. తర్వాత వదిలేశారు. ఫిబ్రవరిలో ఆయన గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. స్టేషన్లో కొట్టారని చనిపోయే ముందు ఆయనే వీడియోలో చెప్పాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ కేసులో ఏ యంత్రం తప్పూ నేను చూపించడం లేదు. "అనుమానం" అనే మాట మన ఊళ్లలో ఎవరి మీద పడితే ఎక్కడిదాకా పోతుందో చెబుతున్నాను. తప్పు చెయ్యనివాడు ఎందుకు భయపడాలో ఆ ఇంటివాళ్లనడగండి. 2021 మేలో హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తియ్యమని, ఆయన కుదరదంటే అలాగే ఫోటో తీసుకున్నారు. ఫోటో ఎందుకు, ఎక్కడికెళ్లింది అన్న ప్రశ్నకి జవాబు కోసం ఆయన హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. మనలో ఎంతమందికి ఆ ఓపిక?

ఒక జాతిని మొత్తంగా అనుమానించే పని మనకి కొత్తకాదు. 1871లో బ్రిటిషు వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చి, ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురంలో సెటిల్మెంటు పెట్టి ఉంచారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఎవరేం చేశారని కాదు, ఎవరికి పుట్టారని. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ నొసలు ముడేసేవాళ్లున్నారు. అప్పుడు పుట్టుక చూసి రాశారు. ఇప్పుడు నిలబడ్డ తీరు చూసి రాస్తామంటున్నాం. అప్పటి రిజిస్టరు కనీసం ఒక కానిస్టేబులు చేత్తో రాసింది, పేరు పెట్టి నిలదియ్యడానికి ఒక మనిషుండేవాడు. 180 అన్న అంకెని నిలదీసేదెవరు?

చట్టం చూసుకోదా అంటారా? 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టంలో, ప్రభుత్వం ఒక నోటిఫికేషను ఇచ్చి తన సంస్థల్ని చట్టం నుంచి మినహాయించుకునే వీలుంది. యూరపు వాళ్లు 2024లో చేసిన ఏఐ చట్టంలో, ఆఫీసుల్లోనూ బడుల్లోనూ యంత్రాలతో జనం భావోద్వేగాలు చదవడాన్ని, వైద్యానికీ భద్రతకీ తప్ప, నిషేధించారు. 2025 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. మనకి అలాంటి గీతే లేదు.

అయితే కెమెరాలన్నీ పీకెయ్యమంటావా అని మీరడగొచ్చు. లేదండీ. 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన ఊళ్లో ఉంటున్నాను, అంత మాట ఎందుకంటాను? నేరం జరిగాక వెనక్కి తిప్పి చూడ్డానికి రికార్డింగు ఉండాలి. ఇంకా కొన్ని పనులకి ఈ తెలివి కూడా పనికొస్తుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తోపులాట జరిగి ఆరుగురు పోయారు. ఒక చదరపు మీటరులో ఎంతమంది ఇరుక్కున్నారో లెక్కపెట్టి, ఇంక లోపలికి పంపొద్దని చెప్పే కెమెరా ఉంటే నేనే దణ్ణం పెడతాను. అక్కడ కొలిచేదీ మనకి కావలసిందీ ఒక్కటే, మనుషుల సంఖ్య. ఎవడి మనసులో ఏముందో అది చెప్పక్కర్లేదు. కానీ లెక్క చెప్పినంత మాత్రాన సరిపోదనుకోండి. అదే నెల 29న ప్రయాగ కుంభమేళాలో, జనాన్ని లెక్కపెట్టే ఏఐ కెమెరాలు ఉండి కూడా, అధికారిక లెక్క ప్రకారమే 30 మంది చనిపోయారు. గేటు తెరవాల్సింది మనిషే.

నేను గీస్తున్న గీత ఇదీ: కెమెరా కొలవగలిగింది కొలవనివ్వండి, ఎంతమంది, ఎంతసేపు, ఎక్కడ, పడిపోయారా లేచారా, పొగ వస్తోందా. ఆ కొలతకి "అనుమానాస్పదం", "దూకుడు", "అసాధారణం" అని పేరు పెట్టే హక్కు మాత్రం ప్రోగ్రాముకి ఇవ్వొద్దు. మాటలో ఏముంది అనుకోకండి. మా నాన్న విషయంలో "ఒక పెద్దాయన 4 నిమిషాలుగా గోడ పట్టుకుని నిలబడ్డారు" అని మెసేజి వచ్చుంటే, అదే గార్డు అదే బండి మీద వచ్చి "కుర్చీ తెమ్మంటారా సార్" అని అడిగేవాడేమో. కెమెరా చూసింది అదే, మధ్యలో ఎవరో నాలాంటి ఇంజనీరు ఒక మాట మార్చాడు.

అందుకని తోటి ఇంజనీర్లకి నా విన్నపం. రేపు మీ మేనేజరు "సస్పీషియస్" అని ఒక ఫ్లాగు పెట్టమంటే, "180 సెకన్లు నిలబడ్డాడు" అని పెట్టండి. నిజానికి ఆ లైన్లో ఉన్నది అదే. అలా రాస్తే అమ్ముడుపోదు అంటే, అమ్ముతున్నది అబద్ధమని మీకే తెలిసిపోయినట్టు.

మా అసోసియేషన్‌కి నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. ఒకటి, ఇది సరిగ్గా ఏం కొలుస్తుంది? రెండు, నెలరోజులు పెట్టి చూస్తే ఎన్ని అలారాలు మోగాయి, అందులో ఎన్ని నిజం, నోటీసు బోర్డులో పెడతారా? మూడు, తప్పుగా ఎర్ర డబ్బా పడ్డ మనిషి, వాచ్‌మనో పనమ్మాయో ఎవరైనా సరే, ఎవరికి చెప్పుకోవాలి? నాలుగు, ఆ ఫోటోలు ఎన్నాళ్లుంటాయి, ఎవరెవరికి వెళతాయి? వీటికి జవాబు రాకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వనన్నాను. ఓటింగు వచ్చే ఆదివారం. ఓడిపోతానేమో తెలీదు, చెప్పాల్సింది చెప్పాను. మీ అపార్టుమెంటులో కూడా రేపోమాపో ఇదే వీడియో చూపిస్తారు. చప్పట్లు కొట్టేముందు ఆ డబ్బాలో మీ అమ్మనో నాన్ననో ఒకసారి నిలబెట్టి చూడండి.

తా.క.: ఉగాదికి రమ్మని నిన్న నాన్నకి ఫోన్ చేశాను. "మీ వీధిలో కూడా ఆ కెమెరాలున్నాయట్రా?" అని అడిగారు. ఇంకా లేవు నాన్నా అన్నాను. ఆ "ఇంకా" అనే మాట లేకుండా చెయ్యాలనే నా గోలంతా.